వియన్నా ఫోటోలో నా కోటు

ముప్పై ఏళ్లుగా ఒక కాగితం బరువు మోస్తున్నాను. చెప్పుకోవడానికి మనిషి లేక కాదు, నోరు రాక. నువ్వెవరో నాకు తెలియదు. అందుకే నీకు చెబుతున్నాను.

సౌదీలో, అల్ ఖర్జ్‌లో ఒక అరబ్బు తోటలో నేను వంటవాణ్ణి. పెళ్లాం లచ్చవ్వను ఊళ్లో వదిలి వచ్చిన రాజమల్లు చేనుకు నీళ్లు పెట్టేవాడు. కువైట్ యుద్ధం రోజుల్లో సైరన్ మోగితే, గ్యాసు వదులుతారన్న భయంతో ఇద్దరం ఒకే తడి దుప్పటి కప్పుకుని వణికాం. ఆ తర్వాతి వేసవిలో మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, కుటుంబంతో వియన్నా చూడబోతూ వంటకని నన్నూ తీసుకెళ్లాడు. ఆయన ముందే ఎయిర్‌పోర్టుకు వెళ్లిపోయాడు. నేను బయలుదేరుతుంటే రాజమల్లు పరుగున వచ్చాడు.

"లచ్చవ్వ దవాఖానల ఉన్నదటనే అన్నా. బతుకుడు కష్టమంటున్నరు. నాకు అరబ్బీ రాదు, నువ్వే చెప్పి గీ సెలవు కాయితం మీద కఫీల్ దస్కతు పెట్టియ్యి. ఫ్యాక్స్ చేస్తే ఆఫీసోళ్లు పాస్‌పోర్టు ఇస్తరట."

మర్నాడు వియన్నాలో కఫీల్ మమ్మల్ని ఊరంతా తిప్పాడు. గుర్రబ్బండి ఎక్కించాడు. అంత చల్లటి గాలి నేను పుట్టి ఎరగను. పెద్ద చర్చి ముందు, పొద్దున చలికని నాకిచ్చేసిన తన పాత కోటులో నన్ను నిలబెట్టి, నవ్వమని ఫోటో తీశాడు. కాగితం ఆ కోటు లోపలి జేబులోనే ఉంది. అడగడానికి అంతకంటే మంచి సమయం దొరుకుతుందా? కానీ రాజమల్లు పోతే నీళ్లు పెట్టేవాడుండడు, ఆ పనికి నన్ను వెనక్కి పంపేస్తాడు, ఇదంతా మళ్లీ ఏ జన్మలో చూస్తాను, రేపు అడుగుదాంలే అనుకున్నాను. అలా ఇరవై రోజులు. మరచిపోయానా? లేదు. రోజూ పొద్దున్నే జేబు తడిమి చూసుకునేవాణ్ణి.

తిరిగొచ్చి, "ఒప్పుకోలె తమ్మీ" అన్నాను.

నాలుగో నాడు లచ్చవ్వ పోయింది. కబురు విని కఫీల్ మా గదికి వచ్చి అరబ్బీలో అన్నాడు, ముందే చెబితే ఆ రోజే పంపేవాణ్ణి కదా అని.

"ఏమంటుండే అన్నా?"

"ధైర్యంగ ఉండుమంటుండు."

రాజమల్లు కఫీల్ వైపు చూడకుండా మొహం తిప్పుకున్నాడు. నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు.

ఇప్పటికీ మా ఇంటికి వస్తే గోడ మీది ఫోటో చూసి "దొర లెక్కున్నవే" అంటాడు. తీసేస్తే ఎందుకని అడుగుతారు. ఇన్నేళ్లూ అతను కఫీల్‌నే శపించుకుంటూ బతికాడు. ఇప్పుడు అతనికి చెప్పగలనా? నాకంత ధైర్యం లేదు. క్షమించమని నిన్నూ అడగను.

కఫీల్ కాదనలేదు. నేను అడగనే లేదు. ఇదిగో, అనేశాను.