నల్లరేగడి మేడం

పోయిన సోమవారం మా మట్టి పరీక్షల ల్యాబ్ మేడం పాలమూరు దవాఖానల కన్నుమూసింది. ఫోన్ చేసి చెప్పిన మా కాలేజీ ప్రిన్సిపాల్ ఆమెను తెగ పొగిడిండు. నాకు ఒళ్లు మండింది. బతికున్నన్ని రోజులు ఆ మనిషి ఆమెను ఒక్క మంచి మాట అన్లేదు.

సంతాప సభల అందరూ ఆమెను అమ్మలాంటిది అన్నరు. అబద్ధం. ఆమె కింద పనిచేసిన నాకు తెలుసు. గాజు పలక మీద మట్టి పూత జర మందమైతే నా ముందరనే కడిగేసేది. నా కళ్లల్ల నీళ్లు తిరిగితే, "నువ్వు ఏడిస్తే మట్టి గుణం మారుతదా? మళ్లీ చెయ్" అనేది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ కోపమే.

కానీ పని నేర్పింది. మట్టిని నీళ్లల్ల కలిపి, ఇసుక అడుగుకు దిగినంక, పైన తేలే సన్నటి బంకను తీసి పలక మీద ఆరబెట్టుడు, ఎక్స్‌రే మిషన్‌ల పెట్టి, గ్రాఫ్‌ల గీత ఎక్కడ లేచిందో చూసి ఏ ఖనిజమో పోల్చుడు నాకు చేతనైందంటే ఆమె వల్లనే.

నారాయణపేట దిక్కు ఒక ఊర్ల కొత్త బడి గోడలు పగిలినయి. పునాది కింది మట్టి మా ల్యాబుకు వచ్చింది. అది వానకు ఉబ్బే రకమని తేలితే, దాన్ని తవ్వి తియ్యకుండ కట్టినందుకు కాంట్రాక్టర్ బడి మళ్లీ కట్టియ్యాలె. అందుకే ప్రిన్సిపాల్‌ను వెంటేసుకొని వచ్చిండు.

"మామూలు మట్టే అని రాసియ్యున్రి మేడం. ఎందుకు లొల్లి?" అన్నడు ప్రిన్సిపాల్.

"ఉబ్బే మట్టికీ ఉబ్బని మట్టికీ గీత గిక్కడ్నే లేస్తది సార్. గ్లైకాల్ మందు ఆవిరి పట్టిస్తే ఉబ్బేదాని గీతనే జరుగుతది. అది చూసినంకనే రాస్త."

"ఆడమనిషివని ఊకుంటున్న" అన్నడు కాంట్రాక్టర్.

"ఊకోకు. ఏం జేస్తవో చెయ్. ముందుగాల బయటికి నడువు."

ఆవిరి పట్టించినంక గీత పక్కకు జరిగింది. ఆవిరికి మట్టి రేకులు ఎడమైనయన్నట్టు. పలకను కొలిమిల కాలిస్తే రేకులు దగ్గరపడి, గీత ఇంకో దిక్కు జరిగింది. ఉబ్బే మట్టే. అదే రాసింది. ఊరికి పోయి, పిల్లలను వెంటనే బయట కూసోబెట్టమని హెడ్‌మాస్టర్‌తోని కొట్లాడింది.

"కొత్త బడిని మూయిస్తవా? నీ నోట్ల మన్ను వడ" అని తల్లులు తిట్టిన్రు. ఆఖరికి హెడ్‌మాస్టర్ పిల్లలను గొర్ల కొట్టంల కూసోబెట్టిండు. ఇటు ప్రిన్సిపాల్ ఆమె దగ్గర ల్యాబ్ తాళాలు గుంజుకున్నడు. ఆమె ఎవ్వరినీ బతిమిలాడలేదు.

వానకాలంల, బడి నడిచే యాళ్లనే, వెనుక గోడ కూలింది. లోపల ఎవ్వరూ లేరు.

తెలిసి ఇద్దరం పోయినం. మమ్మల్ని ఎవ్వరూ పలకరించలేదు. తిట్టిన తల్లులు ముఖం తిప్పుకున్నరు. హెడ్‌మాస్టర్ మా దిక్కు చూడనే లేదు.

"పోదం పాండ్రి మేడం. గీళ్లకు మనమెందుకు?" అన్న.

"ఉండు" అన్నది.

వాన కొడుతనే ఉన్నది. కొట్టంల పిల్లలు గొంతులు కలిపి ఎక్కాలు చదువుతున్నరు. మేడం చీరె కుచ్చిళ్లు తడిసి, చెప్పులు నల్లటి బురదల దిగబడి, కదలకుండ నిలబడి వింటున్నది.