నేను వేసిన బ్రేకులు

2023, దసరాకు ముందు. మేడ్చల్‌లో సర్వీసు రోడ్డు మీద నాది సైకిళ్ళ షాపు. ఐటీ కంపెనీలో పనిచేసే శ్రీకాంత్ తన ఎలక్ట్రిక్ మౌంటెన్ బైకు తెచ్చాడు. ఆదివారాలు సైకిల్ గ్రూపుతో కలిసి శామీర్‌పేట చెరువు అవతలి గుట్టలెక్కడం అతని సరదా.

"అన్నా, ఎక్కుడు మంచిగనే ఎక్కుతాంది. దిగుడే పరేషాన్. లివర్ గుంజి గుంజి వేళ్ళు నొస్తున్నయ్" అన్నాడు.

నొప్పి పుట్టక ఏమవుతుంది? మోటారు, బ్యాటరీ కలిసి ఆ బండి మామూలు సైకిలుకు రెట్టింపు బరువు. కంపెనీవాడు దానికి పెట్టినవేమో కేబుల్‌తో లాగే మెకానికల్ డిస్క్ బ్రేకులు. ఏనుగుకు మేక పలుపు కట్టినట్టుంది. హైడ్రాలిక్ వేయించుకోమన్నాను. అందులో లివర్ నొక్కితే గొట్టంలోని ఆయిల్ ప్యాడ్లను చక్రం డిస్కుకేసి నొక్కుతుంది, వేలికి శ్రమ ఉండదు. డిస్కును రెండు వైపులా పట్టుకారులా పట్టేదాన్ని కాలిపర్ అంటారు. ముందు చక్రానికి ప్యాడ్లను నెట్టే పిస్టన్లు నాలుగున్న కాలిపర్, పెద్ద డిస్కు వేశాను. డిస్కు పెద్దదైతే పట్టు ఎక్కువ, వేడి త్వరగా ఎక్కదు. తర్వాత బెడ్డింగ్ చేశాను, అంటే కొత్త ప్యాడ్ డిస్కుకు అలవాటయ్యేదాకా వేగంగా పోయి బ్రేకు పట్టడం, మళ్ళీ పోయి పట్టడం. చివరికి ఒక్క వేలితో ఆగింది. నా పని చూసి నాకే ముచ్చటేసింది.

దసరా తర్వాతి ఆదివారం శ్రీకాంత్ గుట్ట దిగుతూ రాళ్ళలో పడ్డాడు. జబ్బ ఎముక విరిగింది. ముందు బ్రేకు అసలు పట్టలేదన్నాడట. సాయంత్రానికల్లా గ్రూపంతా ఒకటే మాట, మేడ్చల్ షాపువాడు వేసిన బ్రేకులు ఫెయిలయ్యాయని.

నాకు అన్నం సయించలేదు. మరునాడు పేట్ బషీరాబాద్‌లోని వాళ్ళింటికి వెళ్ళాను. కింద పార్కింగ్‌లో బండి ఉంది, హ్యాండిల్‌కు ఎండిన బంతిపూల దండతో. ఆయిల్ లీకు లేదు, లివర్ గట్టిగానే ఉంది. ముందు చక్రం ప్యాడ్లు విప్పి చూస్తే పచ్చగా, జిడ్డుగా ఉన్నాయి. డిస్కు రంధ్రాల్లో పసుపు.

శ్రీకాంత్ వాళ్ళమ్మ నేనెవరో తెలియక, కొడుకు స్నేహితుణ్ణనుకుని మంచినీళ్ళు తెచ్చింది. "పండుగనాడు బండికి పూజ ఎవరు చేసిండ్రమ్మా?" అని అడిగాను.

"నేనే బిడ్డా. పోరడు గుట్టలెక్కుతడాయె, సల్లగుండాలె గదా. గా గుండ్రటిది కొత్తగ మెరుస్తుండె, దానికి నిండుగ బొట్లు పెట్టిన. నీళ్ళల్ల కలిపితె రాలిపోతదని నూనెల కలిపి పెట్టిన."

డిస్కుకు నూనె తగిలితే బ్రేకు లేనట్టే. ప్యాడ్ ఆ నూనెను పీల్చేస్తుంది, ఎంత తుడిచినా పోదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ ఆమె ముఖం చూసి మింగేశాను. లోపల మంచం మీదున్న శ్రీకాంత్‌కు ప్యాడ్లు చూపించి మెల్లగా విషయం చెప్పాను.

"అన్నా, అమ్మకు తెల్వనీయకు" అన్నాడు. "తన చేతులతోటే నన్ను పడేసిన్నని బుక్క అన్నం ముట్టది."

"మరి నా పేరు ఏంగావాలె సారూ?"

"గ్రూపుల నేను చెప్తనన్నా. నీ తప్పేం లేదని చెప్త."

నమ్మాను. ఆదివారాల్లో నా షాపు ముందు ఆగే సైకిళ్ళు ఆగడం మానేశాయి. ఫోన్ చేస్తే, "టైం చూసి చెప్తనన్నా" అనేవాడు. అతని ఎముక అతుక్కుంది. ఆ టైం మాత్రం రాలేదు.

కొన్ని నెలలకు మేడ్చల్ కూరగాయల మార్కెట్లో తల్లీకొడుకులు ఎదురయ్యారు. బ్రేకులు వేసింది నేనేనని ఈలోగా తెలిసినట్టుంది, ఆమె నన్ను గుర్తుపట్టి నిలదీసింది. "గీడే నా కొడుకును పడేసినోడు! పనిరానోనివి బ్రేకులెందుకు ఏసినవ్? పానం మీదికి తెస్తివి గదరా!"

మార్కెట్లో నలుగురూ తిరిగి చూశారు. నేను శ్రీకాంత్ వైపు చూశాను. అతను వంగి టమాటాలు ఏరుకుంటున్నాడు.

నేను సంచి పట్టుకుని బయటికి నడిచాను. ఇంటికొచ్చాక నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇప్పుడు బండి అప్పగించేటప్పుడు ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను, బొట్టు హ్యాండిల్‌కు పెట్టుకోండి, డిస్కు జోలికి పోవద్దని. ఇక ఎవరి తప్పూ నా నెత్తిన వేసుకోను. ప్యాడ్లు చేతిలో ఉండగానే అందరి ముందూ చెప్పేస్తాను, వినేది కన్నతల్లి అయినా సరే.