రంగత్ గడియారం, మా సార్ తాళం

ఆ రోజుల్లో నాకో వెర్రి నమ్మకం ఉండేది: మనుషులు మాట వినకపోయినా మెషీన్లు వింటాయని. అండమాన్‌లో బాంబూఫ్లాట్ నుంచి రోజూ ఫెర్రీలో పోర్ట్‌బ్లెయిర్ వెళ్లి, షిప్పు టికెట్ల కౌంటర్లకు నెట్‌వర్క్ చూసే ఓ చిన్న కాంట్రాక్టు ఆఫీసులో పనిచేసేదాన్ని. మా పై ఆయన్ని వెనకాల అందరం 'తాళం సార్' అనేవాళ్లం. కనబడిన ప్రతిదానికీ తాళం వెయ్యందే ఆయనకి నిద్ర పట్టదు (ఆఫీసు టీపొడి డబ్బాకి కూడా వేశారు).

గొడవంతా వేరే దీవిలో, రోజంతా ప్రయాణం దూరంలో ఉన్న రంగత్ కౌంటర్‌తో వచ్చింది. అక్కడి నెట్‌వర్క్ పెట్టెలో గడియారం వెనకబడింది. కౌంటర్ కంప్యూటర్లన్నీ దాన్ని చూసే టైం దిద్దుకుంటాయి. దాంతో పోర్ట్‌బ్లెయిర్లో టికెట్లన్నీ అయిపోయాక గానీ రంగత్‌లో అమ్మకం మొదలయ్యేది కాదు. "సర్వర్ నుంచి టైం తెచ్చుకోమని ఒక్క లైను కొడితే చాలు సార్," అన్నాను. "పహలే సెక్యూరిటీ! మన ఆఫీసు తప్ప ఇంకెవరూ ఆ పెట్టెలోకి రాకుండా బంద్ చెయ్. టైం బాద్ మే," అన్నారు. "అలా బంద్ చేస్తే టైం కూడా లోపలికి రాదు సార్..." "నీకు తెలుసా, నాకు తెలుసా?" ఆయన మా ఆఫీసు నెట్‌వర్క్ అడ్రసు అంకెలు చెబుతుంటే కొట్టి, ఎంటర్ నొక్కాను. స్క్రీన్ బిగుసుకుపోయింది. ఆయన చెప్పినవి మేం ఎప్పుడో వదిలేసిన పాత ఆఫీసు అంకెలు. ఇప్పుడు మేం కూడా బయటే! రంగత్ కౌంటర్ మొత్తం ఆగిపోయింది. మర్నాడే టికెట్ల అమ్మకం. "కొట్టింది నువ్వేగా, నువ్వే వెళ్లు," అన్నారు సార్, టీ తాగుతూ.

ఆదివాసుల అడవి దగ్గర పోలీసు కాన్వాయ్ కోసం ఆగి, బస్సుతో సహా ఫెర్రీ ఎక్కి నీళ్లు దాటి, నడుం పడిపోయి రంగత్ చేరేసరికి ఆఫీసు మూసేశారు. పొద్దున్నే వెళితే వాకిట్లో పెద్ద క్యూ. అందరికంటే ముందు ఓ మామ్మ. "ఏటమ్మా, గడియారం బాగుచేసే మేడమ్‌వి నువ్వేనా? ఎప్పుడొచ్చినా ఖతం, ఖతం అంటన్నారు. వైజాగ్‌లో మా చెల్లికి ఆపరేషన్. ఈ షిప్పూ తప్పితే ఈదుకుంటా ఎల్లమంటావా?" లోపలికి పరిగెత్తాను.

కేబుల్ నేరుగా పెట్టెకే గుచ్చి, సార్ వేయించిన కట్టడి తీసేశాను. కౌంటర్ ప్రాణం పోసుకుంది. సర్వర్‌ని చూసి టైం దిద్దుకోమన్నాను. (అది వెంటనే దిద్దుకోదు. చెప్పేవాణ్ణి నమ్మొచ్చో లేదోనని కాసేపు తర్జనభర్జన పడుతుంది. ఆ బుద్ధి నాకుంటే ఎంత బాగుండేది!) అది ఆలోచిస్తుండగానే సార్ ఫోన్. "ఖుల్ గయా క్యా, తెరుచుకుందా? పహలే లాక్ కరో!" అంతే, నాలో ఏదో తెగింది. "బస్ కరో సార్! ఇక్కడ మామ్మ ఈదడానికి రెడీగా ఉంది! టైం వచ్చేదాకా ఏ తాళం లేదు, గీళం లేదు!" అని అరిచి పెట్టేశాను. తలుపు తెరిచే ఉందని అప్పుడు చూశాను. క్యూలో ఒకటే చప్పట్లు. "షాబాష్ దీదీ!" అన్నారెవరో. ఈలోగా గడియారం ఒక్క గెంతు గెంతి సరైన టైంలోకి వచ్చింది. అమ్మకం మొదలైంది. మామ్మ టికెట్ నా మొహం ముందు ఆడించి, నా బుగ్గ గట్టిగా గిల్లి వెళ్లిపోయింది.

సర్వర్ టైం వచ్చే దారి మాత్రం వదిలి, కట్టడి సరైన అంకెలతో మళ్లీ పెట్టి, ఉద్యోగం పోయిందనుకుంటూ తిరుగు బస్సెక్కాను. పోలేదు. సార్ ఓ వారం నాతో మాట్లాడలేదు, అంతే (అది నాకు సెలవులాగే ఉండింది). ఇప్పుడు నేనూ పెద్ద ఉద్యోగినే. మీటింగుల్లో ఎవరైనా అర్థంలేని మాట చెబితే, "నోట్ చేసుకున్నాను సార్," అని నవ్వుతాను. అలా నవ్విన ప్రతిసారీ, ఫోన్లో గొంతు చించుకుని అరిచిన ఆ అమ్మాయి ఓసారి వచ్చి పక్క కుర్చీలో కూర్చుంటే బాగుండుననిపిస్తుంది.