తెల్ల నత్తలు

పాశమైలారం ఫ్యాక్టరీలు దాటుతుంటే వానలో కలిసిన కెమికల్ వాసన ఇన్నేళ్లకు మళ్లీ ముక్కుకు తగిలింది.

మూడో తరగతిలో నేను నత్తలను రెండు జాతులుగా విడదీశాను. మా పెరటి కంచె మీద పాకేవి గోధుమరంగు జాతి. నాయిన పనిచేసే కంపెనీ గోడ పక్కన, కాలువ గట్టున కదలకుండా పడి ఉండేవి తెల్ల జాతి. రెండింటినీ అట్టపెట్టెలో వేరువేరుగా పేర్చాను.

"తెల్లయి ఎందుకు నడుస్తలేవు నాయినా?"

"గవి వేరే జాతి బిడ్డా, గట్లనే ఉంటయి," అన్నాడు నాయిన, నా మొహం చూడకుండా.

బడిలో నా పెట్టెకు బహుమతి కూడా ఇచ్చారు.

ఉన్నది ఒకటే జాతి. తెల్లవి చచ్చిన నత్తల రంగు వెలిసిన గుల్లలు. ఆ సంగతి నాయినకు అప్పుడే తెలుసు. వాన మొదలవగానే కంపెనీ కెమికల్ నీళ్లను ఆ కాలువలోకి వదిలే డ్యూటీ ఆయనదే.