కెచప్‌కి తగిలించిన ఉకారం

ఆ రోజుల్లో నాకు వచ్చినంత తెలుగు బందరు మొత్తంలో ఇంకెవరికీ రాదని నా గట్టి నమ్మకం. తెలుగు బి.ఏ. చదివి, వేరే ఉద్యోగం దొరక్క, బస్టాండు దగ్గర ఓ డీటీపీ షాపులో శుభలేఖలూ సంతాప కార్డులూ టైపు చేసేవాణ్ణి (రెండింటిలోనూ సంధులు సరిచేసేవాణ్ణి). పక్కనే చాచా బేకరీ. పఫ్‌లలోకి ఆయన భార్య చాచీ ఇంట్లో టమాటాలతో ఒకటి చేసేవారు. దాన్ని చాచా 'సాసు' అనేవారు, మంగినపూడి ఆటోవాళ్లు 'ఎర్ర చట్నీ' అనేవారు, పాత సీసా మీద ఎవరో 'క్యాట్సప్' అని రాశారు. చాచీ మాత్రం 'కెచప్' అనేవారు.

ఆ ఏడాది చాచీకి జబ్బు ముదిరింది. డాక్టర్లు చేతులెత్తేశారు. మంచం మీద నుంచి ఆవిడ కోరింది ఒక్కటే: తన కెచప్ లేబుల్‌తో గుడివాడ పెద్ద షాపులో ఉందని వినాలి, తన తర్వాత కూతురు దాంతో బతకాలి. ఆవిడ చెబుతుంటే కూతురు కలిపి సీసాలకెత్తింది. లేబుల్ పని నాకొచ్చింది. "ఇంగ్లీషులో ఎలా పలుకుతారో అలాగే కొట్టు బాబూ" అన్నారు చాచా. "అదెలా కుదురుతుంది చాచా, తెలుగు మాట అచ్చుతో ముగియాలి" అని ఉకారం తగిలించి, సొంపు కోసం ద్విత్వమూ, 'కె'కి జోడీగా ఇంకో ఎత్వమూ పెట్టి, 'కెచ్చెప్పు' అని కొట్టాను. లేబుల్ ఇరుకు, అక్షరాలు లావు. మాట రెండు ముక్కలైంది. పైన 'టమాటా కెచ్'. కింద ఎర్రగా 'చెప్పు'. ప్రూఫు మూడుసార్లు చూసుకున్నాను, మూడుసార్లూ నా ఉకారాన్ని చూసుకునే మురిసిపోయాను.

చాచా, నేను పెట్టెలతో గుడివాడ బస్సెక్కాం. షాపాయన సీసా తిప్పి చూసి, "ఏంటండీ ఇది, తినేదాని మీద చెప్పు అని రాస్తారా? పొద్దున్నే బేరానికొచ్చేవాళ్లకి ఇది చూపించమంటారా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. చాచా నవ్వలేదు, నన్ను తిట్టనూ లేదు. తిరుగు బస్సులో పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుని, బందరు వచ్చాక, "మీ చాచీకి నేను చెప్పలేను బాబూ" అన్నారు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

చాచీకి తెలుగు చదవడం రాదు. ఆ ధైర్యంతోనే నేను వెళ్లాను. తలగడ పక్కన ఓ సీసా ఉంది.

"చెప్పు అని రాశావంట కదా, మా పిల్ల చదివింది" అని నవ్వారు చాచీ. ఆ నవ్వుకే ఆయాసం వచ్చింది. తేరుకున్నాక, "రాశావుగా, మరి చెప్పు. గుడివాడలో పెట్టుకున్నారా?" అన్నారు.

"పెట్టుకున్నారండీ. ముందు వరసలోనే."

నమ్మారో లేదో తెలియదు. నా చెయ్యి నొక్కి కళ్లు మూసుకున్నారు.

'సాస్' అని కొత్త లేబుళ్లు కొట్టి తెచ్చేసరికి చాచీ లేరు. ఇప్పుడు వాళ్లమ్మాయి సీసాలు గుడివాడలోనే కాదు, కోడూరులోనూ దొరుకుతున్నాయి (ఉకారం లేకుండానే). ఫోనెత్తి ఎవరైనా "చెప్పు" అంటే మాత్రం నాకు ఇప్పటికీ ముందు ఆ సీసానే గుర్తొస్తుంది. అప్పటి ఆ పండితుణ్ణి తలచుకుని నవ్వుకుంటాను. అంత వ్యాకరణం వచ్చినవాడు చాచీ కోసం తప్పులేకుండా పలికింది ఒక్క మాటే, అదీ అబద్ధం.