రెండో నట్టు

పోలవరానికి అప్పట్లో లాంచీలోనే వెళ్ళేవాళ్ళం. ఓసారి ఇంజను అదురుకి మేము కూర్చున్న బల్ల కింది నట్టు వదులై లొడలొడ చప్పుడు చేస్తోంది. పక్కనున్న పెద్దావిడ వంగి దాన్ని బిగించింది. కాసేపటికి మళ్ళీ వదులైంది.

“ఒక్క నట్టు ఆగదండి. దానిమీద ఇంకోటి బిగించాలి. మా ఆయన లాంచీ డ్రైవరండి, ఎప్పుడూ అలాగే చేసేవారు,” అంది.

“ఇప్పుడు ఏ లాంచీ మీదున్నారండి?”

“లేరండి. వరదల్లో, ఇంజన్ని కింది పంకాకి కలిపే కప్లింగు నట్టు వదులై ఊడిపోయి లాంచీ కొట్టుకుపోయింది. రేవులో జనం తొందరపెట్టేశారంట. రెండో నట్టు ఆయన చొక్కా జేబులోనే దొరికింది.”

ఆవిడ కొంగుముడి విప్పి, నున్నగా అరిగిన నట్టొకటి తీసి, బల్ల బోల్టుకి ఎక్కించింది. సరిపోయింది. వేళ్ళు ఎర్రబడేదాకా బిగించింది.

బల్ల చప్పుడు ఆగిపోయింది. ఆవిడ ఖాళీ కొంగుకే మళ్ళీ ముడి వేసుకుంది.