పని లేదని రాసిన రోజు

వేలూరులో ఒక కాలేజీలో సోషియాలజీ చెబుతాను. క్లాసులో నా నోటికి అడ్డూ ఆపూ ఉండదు. ఇంటిచాకిరీని లోకం ఎందుకు పనిగా లెక్కపెట్టదో చెప్పే పాఠమంటే మరీ ఇష్టం. ఆ పూట వెనక బెంచీ కూడా నిద్రపోదు. గురివింద గింజకు తన నలుపు తెలియదంటారు. నా నలుపు నాకు గుడియాత్తంలో తెలిసింది.

అక్కడి చేనేత ఇళ్ళ మీద పరిశోధన చేస్తున్న రోజులవి. సెలవురోజున కాట్పాడిలో రైలెక్కి, లత్తేరి దాటాక ఫారాల కట్ట తీసి సర్దుకునేదాన్ని. మా ఇంట్లోలాగే వాళ్ళ ఇళ్ళల్లోనూ తెలుగే. మాట్లాడేది తెలుగైనా చదివేది మాత్రం తమిళం. నేను అడిగేది తెలుగులో, రాసుకునేది ఇంగ్లీషులో. ఏం రాశానో వాళ్ళకు తెలిసే దారి లేదు. అందులో తప్పుందని నాకు తోచనూ లేదు.

ఆ రోజు వెళ్ళిన ఇంట్లో ఒక ముసలాయన గుంటమగ్గం మీద లుంగీ నేస్తున్నాడు. ఆయన భార్య పక్కనే రాట్నం తిప్పుతూ నూలు కండెలకు చుడుతోంది. ఒక కండె అయిపోగానే ఆయన చెయ్యి చాస్తాడు, ఆమె చూడకుండానే ఇంకోటి అందిస్తుంది. ఆమె ఏం పని చేస్తుందని ఫారంలో ఉన్నట్టే ఆయన్ని అడిగాను.

"ఏం పనీ లేదమ్మా. చుమ్మా ఇంట్లోనే ఉండాది."

చుమ్మా అంటే ఊరికే. పని లేదని రాసుకున్నాను. అప్పటిదాకా ఆ వీధిలో అన్ని ఇళ్ళల్లోనూ అదే రాశాను. లేవబోతుంటే ఆమె, "నన్ను గురించి ఏం రాసినావో చదువమ్మా," అంది. తెలుగులో చెప్పాను.

ఆమె రాట్నం వదిలి, గడప దగ్గరకొచ్చి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి ఆయన చెయ్యి చాచాడు. చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

"కండె ఇయ్యే."

"నాకు పనే లేదంట కదా. పుస్తకంలో ఎక్కిపోయె."

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు. "చిన్నబిడ్డప్పట్నుంచి చుట్టినానమ్మా ఈ చేతులతో," అంది నా వైపు తిరిగి. "నేను పోయినంక నీ పుస్తకంలో చుమ్మా కూర్చున్నదాన్నిగానే ఉంటాను గదా."

"సరి సరి, సాయం చేస్తాదని రాసుకోమ్మా," అన్నాడు ఆయన.

"సాయమా?" అంది ఆమె, కదలకుండానే.

ఆయన విసుక్కుంటూ గుంటలోంచి లేచి రాట్నం ముందు కూర్చుని తనే తిప్పాడు. రెండు చుట్లకే నూలు పుటుక్కున తెగింది. ముడేసి మళ్ళీ తిప్పాడు. మళ్ళీ తెగింది. నా దగ్గర నవ్వు మిగల్లేదు.

"ఆమె లేకుంటే ఈ మగ్గం ఆడదు," అన్నాడు చివరికి. "ఇద్దరమూ నేస్తామని రాయమ్మా."

రాసి, చదివి వినిపించాను. ఆమె లేచొచ్చి, "జరుగప్పా," అని ఆయన్ని పక్కకు నెట్టి రాట్నం ముందు కూర్చుంది.

సిగ్గుతో నా మొహం వేడెక్కింది. ఫారాలన్నీ మొదటినుంచీ మళ్ళీ రాయాలి, పరిశోధన ఎంత వెనకబడుతుందో ఏమో. అయినా మనసు ఎంత తేలికపడిందో చెప్పలేను. ఇన్నేళ్ళుగా పాఠం చెప్పేదాన్ని, ఆ రోజు ఒకటి నేర్చుకున్నానన్న సంతోషం అది.

కట్ట సర్దుకుంటుంటే ఆమె అడిగింది.

"పక్కింట్లో ఏం రాసినావు?"

"అదే అమ్మా."

"చదివి చెప్పినావా?"

"లేదు. వాళ్ళు అడగలేదు."

"అడగరు. నువ్వే పోయి చదువు."

పక్కింటి గడప బయట నిలబడి, పని లేదన్న ముక్క తెలుగులో పైకి చదివాను. లోపల తిరుగుతున్న రాట్నం ఆగిపోయింది.